కడుపులో రేడియో ఆగిన రోజు

సభకి అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు డాక్టరుగారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఇవాళ రిటైరవుతున్న, మనమంతా ఎవరికోసం ఇక్కడ చేరామో ఆ పెద్ద సిస్టరుగారికి, ఆవిడ పక్కన కూర్చుని పొద్దుటినుంచీ మొహమాటంగా నవ్వుతున్న ఆవిడ ఇంటాయనకి, వార్డు సిస్టర్లకి, అటెండర్లకి, వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయిన వాళ్ళకి, వెనక వరసలో మా అక్కయ్యకి, బావగారికి, అన్నిటికంటే ముఖ్యంగా వార్డులోంచి అనుమతి తీసుకుని ఈ హాలుదాకా వచ్చిన నా పాత స్నేహితులకి, అందరికీ నమస్కారం.

ముందు ఈ మైకు సంగతి చూడనివ్వండి. ఇందాకటినుంచి కూత పెడుతోంది, మాట్లాడినవాళ్ళంతా అదేదో తమ తప్పయినట్టు వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. ఆ చివర స్పీకరు దగ్గర కూర్చున్నాయనా, మీరే, దాన్ని కాస్త గోడవైపు తిప్పుతారా? ఇంకొంచెం. ఆఁ, చాలు. ఇప్పుడు వినండి ఎంత హాయిగా ఉందో. (చప్పట్లు) దీనికి చప్పట్లెందుకండీ, నా పనే అది.

నేనెవరో తెలియనివాళ్ళు సగం మందైనా ఉంటారు. నేను ఈ ఆసుపత్రిలో ఉద్యోగం చేసినవాణ్ణి కాను, మంచం పట్టినవాణ్ణి. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం చాలా ఏళ్ళు నాదే. అందరూ మెకానిక్కు అంటారు, ఎందుకంటే ఇక్కడికి రాకముందు నాకు రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది, ఇప్పుడు మళ్ళీ ఉంది. ఈ రెండు కొట్లకీ మధ్య జరిగింది దాచిపెట్టి మాట్లాడితే పెద్ద సిస్టరు ఏం చేశారో మీకు అర్థం కాదు కాబట్టి దాచను. నా కడుపులో ఒక రేడియో ఉంది. (నవ్వులు)

నవ్వండి, పరవాలేదు, నేను కూడా బాగున్న రోజుల్లో నవ్వుతాను. కానీ ఒక్క నిమిషం నా పక్కన నిలబడి చూడండి. నేను నిద్రలో ఉండగా ఎవరో వచ్చి ఆ సెట్టు నా కడుపులో బిగించి పోయారు, అది నా మనసులో మాటలన్నీ గరగరమంటూ ఊరందరికీ చదివి వినిపిస్తోంది, అలా అని నాకు ఖాయంగా తెలుసు. మీ మనసులో మాటలు మీ ఇంట్లోవాళ్ళకి కాసేపు వినపడితే సాయంత్రానికి మీతో ఎంతమంది మాట్లాడతారో ఆలోచించుకోండి. (నవ్వులు) నేను కొట్టు మూసేశాను. అప్పుడు అక్కయ్యవాళ్ళింట్లో ఉండేవాణ్ణి, పిల్లలు చిన్నవాళ్ళు, నా పాడు ఆలోచనలు వాళ్ళ చెవిన పడతాయేమోనని గదిలోంచి బయటికి రావడం మానేశాను. చివరికి ఒకరోజు స్క్రూడ్రైవరు తీసుకుని ఆ సెట్టేదో నేనే విప్పేద్దామనుకున్నాను. పిల్లలు చూశారు. అంతటితో ఆపేస్తాను. ఆ సాయంత్రమే బావగారు నన్ను ఇక్కడ చేర్పించారు, ఆయన్ని నేను తప్పుపట్టను.

ఇక పెద్ద సిస్టరు సంగతి. నాకు ముందు మాట్లాడిన పెద్దలందరూ ఆవిణ్ణి సహనానికి మారుపేరన్నారు. నేను ఒప్పుకోనండీ. (నవ్వులు) ఈవిడకి సహనం ఏ కోశానా లేదు. పొద్దున్నే చెప్పులు టపటపలాడించుకుంటూ వార్డులోకి వస్తే దుప్పట్లకింద పెద్ద పెద్ద మగాళ్ళు నిద్ర నటించేవాళ్ళు. సిస్టర్, తల అడ్డంగా ఊపకండి, సాక్షులు మూడో వరసలోనే ఉన్నారు. (నవ్వులు) ప్రతి మంచం దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు: తిన్నావా, పడుకున్నావా, మోషన్ అయిందా. ఈ మూడోది వార్డంతా వినపడేలాగ. మాలో ఒకాయన సినిమాహాలు మేనేజరుగా చేసినవాడు, మర్యాదస్తుడు, ఆ ప్రశ్న వినగానే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. మేమంతా ఒకటే జవాబు చెప్పేవాళ్ళం, 'అయింది సిస్టర్' అని, పీడా పోతుందని. ఆవిడ ఆ జవాబు వినేవారు గానీ లెక్కలోకి తీసుకునేవారు కాదు. మన మొహం, మన పళ్ళెం, మన నడక చూసి ముందుకి పోయేవారు.

తల బాగోలేదని వచ్చినవాళ్ళని పట్టుకుని ఈవిడ కడుపు గురించి అడుగుతుందేమిటా అని నేను కూడా అనుకునేవాణ్ణి. తరవాత తెలిసింది. మాకిచ్చే మందుల్లో కొన్ని తలకి ఎంత మేలు చేస్తాయో పేగుల్ని అంత బద్ధకస్తుల్ని చేస్తాయట. పేగులు మరీ మొండికేస్తే మనిషి ప్రాణానికే ముప్పట. పైగా మాలాంటివాడు కడుపునొప్పి అంటే లోకం నమ్మడం కష్టం. కడుపులో రేడియో ఉందనేవాడు కడుపు నొస్తోందంటే వినేవాడెవడు చెప్పండి?

ఆవిడ వినేవారు. నా మంచం దగ్గర మాత్రం నాలుగో ప్రశ్న ఒకటుండేది. 'మెకానిక్కూ, ఇవాళ రేడియో ఏమంటోంది?' నాతో మాట్లాడినవాళ్ళు రెండు రకాలు. కొందరు నీ కడుపులో రేడియో లేదు గీడియో లేదు అని వాదించేవాళ్ళు. కొందరు పిచ్చివాడితో మనకెందుకని అవునవును అనేవాళ్ళు. ఈవిడ ఆ రెండూ చెయ్యలేదు. 'నాకు వినపడదయ్యా, నీకు వినపడుతోంది కదా, ఎలా ఉందో చెప్పు' అనేవారు. ఒకసారి వాళ్ళింట్లో పాత రేడియో పాడైతే పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి, నా చేతి మీంచి కళ్ళు తిప్పకుండా నాచేత బాగు చేయించారు. అప్పుడు నేను ఆవిడకి పాఠం చెప్పాను. 'సిస్టర్, పాట రాకపోయినా గరగర వస్తోందంటే సెట్టు బతికే ఉందన్నమాట, స్టేషను తప్పిందంతే. గరగర కూడా లేకపోతే సెట్టే పోయినట్టు' అన్నాను. అంతా విని, 'ఇంత చెప్పావు, ఆ చేతులు సబ్బుతో కడుక్కో' అన్నారు. (నవ్వులు)

ఇప్పుడు అసలు రోజు దగ్గరికి వస్తున్నాను.

అప్పటికి నాకు కొత్త మందు మొదలుపెట్టి కొంతకాలమైంది. రేడియో శబ్దం బాగా తగ్గింది, ఆలోచనలు బయటికి చదవడం దాదాపు మానేసింది, నేను భోజనాల గదిలో అందరి మధ్యా కూర్చుని తింటున్నాను. మా అక్కయ్య బావగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా ఆయన సరేనన్నారు. 'ఒక్కసారి చూస్తాను. ఏమాత్రం తేడా వచ్చినా మళ్ళీ నన్ను అడగొద్దు' అన్నారట. ఈ మాట అక్కయ్య నాకు చెప్పింది, నేను పెద్ద సిస్టరుకి చెప్పాను. అంటే ఆ ఇల్లు నాకు ఒకే ఒక్కసారి తెరుచుకుంటుందని ఆవిడకి తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

నన్ను పంపించే రోజు దగ్గర పడ్డాక ఒక అద్భుతం జరిగింది. రేడియో ఆగిపోయింది. పూర్తిగా. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వార్డంతా తిరిగి చెప్పాను. పెద్ద సిస్టరు ఆ రెండు రోజులూ సెలవులో ఉన్నారు, చిన్న సిస్టర్లు చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లో మా వార్డు డాక్టరు ఎవరో కాదు, ఇవాళ్టి మన అధ్యక్షులవారే, అప్పుడాయన జుట్టు నల్లగా ఉండేది. (నవ్వులు) ఆయన నా భుజం తట్టి, 'చాలా మంచి వార్త, ఇంటికెళ్ళు' అన్నారు. ఎందుకనరు? ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కదా ఆయన మందులు మార్చి మార్చి చూసింది.

ఇంటికెళ్ళే రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ సర్దుకుని గేటు కనపడేలా వరండా బెంచీమీద కూర్చున్నాను. పంట్లాం పైగుండీ పట్టలేదు, ఉతికితే బిగిసిపోయిందనుకుని పిన్నీసు పెట్టుకున్నాను. వార్డులో ఆ రోజు గందరగోళం అంతా ఇంతా కాదు. మా సినిమాహాలు మేనేజరుకి ఉదయాన్నే కోపం వచ్చింది, భోజనాల గదిలో పళ్ళేలు గోడకేసి కొడుతున్నాడు, ఆ చప్పుడికి మిగతావాళ్ళు బెదిరిపోతున్నారు. అవతల ఆడవాళ్ళ వైపు అప్పుడే ఒక కాలేజీ అమ్మాయిని తీసుకొచ్చారు, ఆ పిల్ల నోరు విప్పదు, నీళ్ళు ముట్టదు, తల్లి మాత్రం గుండెలు బాదుకుంటోంది. ఇంతలో ఆఫీసులోంచి కబురు, ఎవరో పైఅధికారులు చూడ్డానికి వస్తున్నారు, వరండాలు కడిగించమని. వీటన్నిటి మధ్యా నవ్వు మొహంతో, సంచీతో, బెంచీమీద నేను. మీరే చెప్పండి, మీరైతే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? నా దగ్గరికి మాత్రం ఎవరూ రారు. నేను బాగైపోయినవాణ్ణి.

పెద్ద సిస్టరు ఆ భోజనాల గదివైపు పరుగులాంటి నడకతో వెళ్తూ నా ముందునుంచే పోయారు. నేను వెనకనుంచి గొంతెత్తి, 'సిస్టర్, వెళ్ళొస్తాను, రేడియో ఆగిపోయింది, విన్నారా?' అన్నాను. 'విన్నాను, సంతోషం' అని చెయ్యి ఊపి నాలుగడుగులు వేసి, ఎవరో పిలిచినట్టు ఆగిపోయారు. ఎవరూ పిలవలేదు, నేను చూస్తూనే ఉన్నాను. నిలబడ్డచోటనుంచే అటెండర్ని పిలిచి, 'ఆ గదిలో మిగిలినవాళ్ళందర్నీ బయటికి తెచ్చెయ్, ఆయన్ని ముట్టుకోకు, అవి స్టీలు పళ్ళేలు, ఎన్ని కొట్టినా పగలవు, నువ్వు తలుపు దగ్గర కనపడేలా నిలబడు చాలు' అన్నారు. చిన్న సిస్టర్ని పిలిచి, 'ఆ అమ్మాయి పక్కన కూర్చో, ఏమీ అడక్కు, ఆ పిల్లని వదిలి ఒక్క క్షణం కూడా లేవకు, తల్లిని మాత్రం బయట కూర్చోబెట్టి టీ ఇప్పించు' అన్నారు. ఆఫీసు కబురుకి ఏం చెప్పారో ఈ సభలో చెప్పకూడదు. (నవ్వులు) అప్పుడు వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చారు.

'ఏమయ్యా, ఆగిపోయిందన్నావు. ఎప్పటినుంచి?'

'మొన్నటినుంచి సిస్టర్.'

'స్టేషను తప్పిందా, సెట్టే పోయిందా?'

నా పనికి సంబంధించిన ప్రశ్న కదా, నేను ఉత్సాహంగా చెప్పాను. 'సెట్టే పోయింది సిస్టర్! గరగర కూడా లేదు.'

ఆవిడ మొహంలో సంతోషం పోయింది. 'పొద్దున్న టీ తాగావా?' అన్నారు. వద్దనిపించిందన్నాను. 'నిన్న భోజనం?' ఇంటికెళ్ళే ఆనందంలో ఆకలి వెయ్యలేదన్నాను. మూడో ప్రశ్న అడిగారు. నేను అలవాటు ప్రకారం అయిందన్నాను. 'ఎప్పుడు?' అన్నారు. అంతవరకూ ఎప్పుడూ అలా అడగలేదు. నేను వేళ్ళమీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ చూపు నా పిన్నీసు మీద పడింది. 'చొక్కా ఎత్తు' అన్నారు.

వరండాలో, అందరి ముందూ, ఇస్త్రీ చొక్కా ఎత్తాను. కడుపు మద్దెలలాగ బిగిసిపోయి ఉంది, నేనే సరిగ్గా చూసుకోలేదు. స్టెతస్కోపు పెట్టి ఒకచోట విన్నారు, ఇంకోచోట విన్నారు, మళ్ళీ మొదటిచోటికి వచ్చి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. నేను నవ్వుతూ, 'ఏమీ రావడం లేదు కదా?' అన్నాను. 'రావడం లేదు' అన్నారు. 'నువ్వు ఇవాళ ఇంటికి వెళ్ళడం లేదు.'

(ఆగి) క్షమించండి. కాసిని మంచినీళ్ళు ఇస్తారా?

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. అక్కయ్య దిగింది, వెనకాల బావగారు. నాకు ఇంకేం కనపడలేదు, వినపడలేదు. సంచీ పట్టుకుని గేటుకేసి పరుగుపెట్టాను. ఈవిడ నా వెనక పరుగెత్తుకొచ్చి చొక్కా కాలరు పట్టుకుని లాగారు, గుండీలు ఊడి రాలిపోయాయి. నేను ఈవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో వార్డులోవాళ్ళకి ఇప్పటికీ కంఠతా వచ్చు, దయచేసి ఎవరూ అందించకండి. (నవ్వులు) గేటుకి అవతల నిలబడి బావగారు ఇదంతా చూశారు. అక్కయ్యవైపు తిరిగి, 'ఇదేనా బాగవడం? పిల్లలున్న ఇంటికి తీసుకెళ్ళమన్నది ఈ మనిషినేనా?' అన్నారు. ఆటో ఇంకా అక్కడే ఉంది. బావగారు మళ్ళీ ఎక్కడానికి ఒక కాలు లోపల పెట్టారు.

నా ఇల్లు నా కళ్ళముందే వెళ్ళిపోతోంది, వెళ్ళగొడుతున్నది ఈవిడ.

అప్పుడు పెద్ద సిస్టరు నా కాలరు వదలకుండానే, రొప్పుతూ, బావగారితో అన్న మాటలు మీకు చెప్పాలి. 'ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి. ఇది పిచ్చి అరుపు కాదు. ఇన్నేళ్ళకి ఇంటికెళ్తున్న మనిషిని గుమ్మంలో ఆపితే మీరైనా ఇలాగే అరుస్తారు. నేనైతే కరుస్తాను.' (నవ్వులు) 'ఇతని తల బాగుంది కాబట్టే అరుస్తున్నాడు. బాగోలేనిది కడుపు. పేగులు ఆగిపోయాయి. మీరు ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తే మీకు మనిషి దక్కడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మీరు కూడా వస్తే అక్కడ సంతకం పెట్టడానికి ఒక మగదిక్కు ఉన్నట్టుంటుంది, రాకపోతే నేనే పెడతాను.'

బావగారు ఆటోలోంచి కాలు తీశారు. నావైపు చూశారు. నా చొక్కా తెరుచుకుపోయి ఉంది కదా, ఆ కడుపు చూశారు. 'ఏ ఆసుపత్రికి?' అన్నారు. ఇన్నేళ్ళలో నా గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

డాక్టరుగారి గురించి కూడా చెప్పాలి. పెద్ద సిస్టరు కబురు పెడితే ఆయన గది నిండా మనుషులుండగా లేచి వచ్చేశారు. తాను పంపించమన్న మనిషిని నర్సు ఆపిందేమిటని ఒక్కమాట అనలేదు. తానూ స్టెతస్కోపు పెట్టి విన్నారు, వినగానే పెద్దాసుపత్రి సర్జనుకి ఫోన్ చేసి, నాతోపాటు అంబులెన్సు ఎక్కారు. సంతోషపడ్డ మనిషి సంతోషాన్ని అంత త్వరగా పక్కన పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేను పెట్టలేకపోయాను కదా. డాక్టరుగారూ, మీ ముందు ఇది చెప్పే అవకాశం ఇవాళే దొరికింది.

అంబులెన్సులో పెద్ద సిస్టరు నా తల దగ్గర కూర్చున్నారు. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. 'నా ఇల్లు పోగొట్టావు, ఆయన ఇంక నన్ను రానివ్వడు' అన్నాను. ఆవిడ అన్నారు, 'ఇల్లు పోతే మళ్ళీ అడుగుదాం. ఆయన కాళ్ళు పట్టుకునైనా నేను అడుగుతాను. ముందు నువ్వుండాలి కదయ్యా, ఇంటికెళ్ళడానికి.' ఆ తరవాత నేను ఆవిడ ఒళ్ళంతా వాంతి చేసుకున్నాను. అప్పుడు తిట్లు ఆగాయి.

ఆపరేషన్ చేశారు. కాస్త ఆలస్యమై ఉంటే పేగు చిరిగిపోయేదని సర్జను బావగారితో చెప్పారట. ఆ తరవాత రోజులు నా జీవితంలోకెల్లా గౌరవమైన రోజులు. ఎందుకంటారా? పేగుకి ఆపరేషన్ చేశాక కడుపులో మళ్ళీ చప్పుడు మొదలయ్యేదాకా, గాలి పోయేదాకా డాక్టర్లకి ప్రాణం కుదుటపడదు. సర్జను వచ్చి అడుగుతారు, నర్సులు అడుగుతారు, అక్కయ్య అడుగుతుంది, ఇక్కడినుంచి డాక్టరుగారు ఫోన్ చేసి అడుగుతారు. చివరికి ఆ శుభవార్త వెలువడినప్పుడు మా బావగారు, నాతో ఏళ్ళ తరబడి సరిగ్గా మాట్లాడని మా బావగారు, కారిడార్లో పరుగెత్తుకుంటూ వెళ్ళి అందరికీ చెప్పొచ్చారు. (చాలాసేపు నవ్వులు) బావగారూ, తలొంచుకోకండి, ఇది మీకు సన్మానం.

ఆ సాయంత్రం పెద్ద సిస్టరు డ్యూటీ దిగి అక్కడికి వచ్చారు. నా కడుపుమీద స్టెతస్కోపు పెట్టి విని, తీసి నా చెవులకి పెట్టారు. గరగరా, బుడబుడా, ఏదో దూరపు స్టేషను పట్టీ పట్టనట్టు వస్తోంది. ఆవిడ ఏడుస్తున్నారు. సహనం లేని మనిషన్నాను గానీ కన్నీళ్ళు లేని మనిషనలేదు. 'ఇది ఉండనీ' అన్నారు. ఉంచాను. ఇప్పటికీ ఉంది. నాకది రేడియోలాగే వినపడుతుంది, డాక్టరుగారికి పేగుల్లాగ వినపడుతుంది, ఈ విషయంలో మేమిద్దరం వాదించుకోవడం మానేశాం. మందు మోతాదు మార్చారు, దానికి తోడు రోజూ కడుపు కదలడానికి ఇంకో మందు. నా ఆలోచనలు ఊరికి వినపడుతున్నాయన్న భయం ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పలకరించి పోతుంది. పలకరిస్తే పలకరించనీ అని నా పని నేను చేసుకుంటాను.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేను. తల బాగోలేదని ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నన్ను చూడ్డానికి అక్కయ్య తప్ప ఒక్క పురుగు రాలేదు. కడుపు కోశారనేసరికి చుట్టాలంతా పళ్ళు పట్టుకుని వరస కట్టారు. బావగారు వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేవారు, 'మా బావమరిదికి పెద్ద ఆపరేషనండీ' అని. అప్పటిదాకా నేను ఆయనకి ఎవర్నో, ఏమవుతానో ఊళ్ళో ఎవరికీ తెలీదు. నేను అదే మనిషిని, మంచం మారిందంతే. ఇది తలుచుకుని ఒకరోజు పెద్ద సిస్టరు దగ్గర మొహం మాడ్చుకుని అడిగాను, 'ఇన్నాళ్ళు రానివాళ్ళు ఇప్పుడెందుకు సిస్టర్?' అని. ఆవిడ కమలాపండు ఒలుస్తూ, 'రానీవయ్యా. ఏ దారిన వస్తేనేం, వచ్చారుగా' అన్నారు. ఆ పండు సగం ఆవిడే తినేశారు. (నవ్వులు)

కుట్లు ఊడదీశాక నన్ను ఆ పెద్దాసుపత్రినుంచే ఇంటికి తీసుకెళ్ళారు. ఈసారి అక్కయ్య అడగలేదు, నేనూ అడగలేదు. ఆపరేషనైన మనిషిని ఇంటికి కాక ఎక్కడికి తీసుకెళ్తాం అని బావగారే అన్నారు. మేడమెట్లు ఎక్కలేనని నన్ను పట్టుకుని ఎక్కించారు. పెద్ద సిస్టరు కాళ్ళు పట్టుకోవలసిన అవసరం రాలేదు. కానీ అవసరమైతే పట్టుకునేవారని నాకు తెలుసు, అందుకే ఇవాళ మాట్లాడతానని నేనే చెయ్యెత్తాను.

ఆ రోజు వార్డులో మిగిలినవాళ్ళ సంగతి ఏమైందని మీరు అడగొచ్చు. మేనేజరు పళ్ళేలన్నీ విసిరేశాక చూసి బెదిరేవాళ్ళెవరూ లేకపోయేసరికి విసుగొచ్చి తనే ఏరి వరసగా పేర్చి పెట్టాడట. ఆ అమ్మాయి మధ్యాహ్నానికి చిన్న సిస్టరు చేతి గ్లాసులోంచి రెండు గుక్కలు నీళ్ళు తాగిందట. ఆ చిన్న సిస్టరే రేపటినుంచి వార్డుకి పెద్ద సిస్టరు. అమ్మా, నీకు ఒక్క మాట. నర్సింగు పిల్లలు ఈవిణ్ణి ఎప్పుడూ అడిగేవాళ్ళు, అరిచేవాడి దగ్గరికి ముందు వెళ్ళాలా, మాట్లాడనివాడి దగ్గరికి వెళ్ళాలా అని. అలాంటి కొలబద్ద ఏదీ లేదని ఈవిడ కసిరేవారు. నిన్నటి మనిషి నీకు తెలిస్తే ఇవాళ్టి తేడా తెలుస్తుంది, తెలియకపోతే ముందు తెలుసుకో పో అనేవారు. కసరడం నీకు చేతకాదు, నాకు తెలుసు. ఆ ఒక్కటీ నేర్చుకో. (నవ్వులు)

సిస్టర్, ఇప్పుడు మీతో. నన్ను జీవితంలో చాలామంది పట్టుకున్నారు. వీధిలో పట్టుకున్నారు, ఇంట్లో గదిలో పెట్టి పట్టుకున్నారు, ఇక్కడ కూడా సూది వెయ్యడానికి నలుగురు పట్టుకున్న రోజులున్నాయి. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకి నేనంటే భయం. భయం లేకుండా, నా మంచి కోసం, నాచేత తిట్లు తింటూ నన్ను పట్టుకున్న మనిషి మీరు. ఆ తిట్లకి ఇన్నాళ్ళూ మీరు క్షమాపణ అడగనివ్వలేదు, ఇవాళ కూడా అడగనివ్వరు, అదిగో వేలు చూపిస్తున్నారు. సరే, అడగను. మీ ఆరోగ్యం జాగ్రత్త. ఇంట్లో ఉండి అయ్యగారిని ఎక్కువ కసరకండి.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, మాట్లాడనిచ్చినందుకు అధ్యక్షులవారికీ నా కృతజ్ఞతలు. బావగారు వెనకనుంచి బస్సు వేళయిందని చెయ్యి ఊపుతున్నారు. ఇంట్లో పిల్లలు, పిల్లలంటే ఇప్పుడు నాకంటే పొడుగు, నేను వచ్చేదాకా పళ్ళేల ముందు కూర్చోం అని మొండికేస్తారు. నేను ఇంటికి వెళ్ళాలి. సిస్టర్, ఈసారి ఆపకండి. సెలవు.